ఎలుకల్లో ఫిట్స్ రికార్డింగ్: చానళ్ల కంటే రోజులు ముఖ్యం

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. కైనిక్ ఆమ్లం అనే రసాయనం ఇచ్చి ఎలుకల్లో టెంపొరల్ లోబ్ మూర్ఛ (మెదడు పక్క భాగంలో మొదలయ్యేది) తెప్పిస్తారు, కొన్ని వారాల తర్వాత వాటంతట అవే ఫిట్స్ రావడం మొదలయ్యాక ఒక కొత్త మందు ఇచ్చి, తగ్గుతున్నాయో లేదో మెదడు రికార్డింగ్‌లో చూస్తారు. అందుకు ఒకేసారి 16 చోట్ల సిగ్నల్ తీసే (16 చానళ్ల) ఎలక్ట్రోడ్ కావాలా, 4 సరిపోతాయా? వైరుతోనా, వైర్‌లెస్సా? రోజుకు రెండు గంటలు రికార్డు చేస్తే సరిపోతుందా? చివరగా, తెర మీద కనిపించేది ఫిట్సా, ఎలుక ఒళ్లు గోక్కోవడమా అని ఎలా తేల్చుకోవాలి? ఫాస్ట్ రిపుల్స్ అనే అతివేగపు మెదడు అలల మాట, న్యూరోపిక్సెల్స్ అనే వందల చానళ్ల ప్రోబ్ మాట కూడా ఎత్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చానళ్ల గురించి అంత టెన్షన్ వద్దు. పగలూ రాత్రీ ఆపకుండా, వారాల తరబడి, వీడియోతో కలిపి, పోలికకు ఆధారమయ్యే సరైన రిఫరెన్స్‌తో తీసిన మూడు చానళ్లు ఉంటే చాలు, రోజుకు రెండు గంటలు తీసిన 16 చానళ్లు వాటి ముందు నిలబడవు. బడ్జెట్ పరిమితమైతే ఆ డబ్బు కెమెరాల మీద, హార్డ్ డిస్కుల మీద, కేబుల్ మెలిపడకుండా జంతువుతో పాటు తిరిగే మంచి కమ్యుటేటర్ల మీద పెట్టండి.

ఎందుకో లెక్క వేసుకోండి. ఒక ఎలుకకు సగటున రోజుకు రెండు ఫిట్స్ వస్తున్నాయనుకుందాం. మీరు రోజుకు రెండు గంటలు చూస్తున్నారంటే 24 గంటల్లో పన్నెండో వంతే చూస్తున్నారు. వారం మొత్తంలో 14 ఫిట్స్ వస్తే మీ కంటపడేది దాదాపు ఒకటి. మందు ఇచ్చిన వారంలో అది సున్నా అయింది. మందు పనిచేసిందా? చెప్పలేం, ఎందుకంటే మందు ఇవ్వకపోయినా ఆ వారం సున్నా వచ్చే అవకాశం బాగానే ఉంది. పైగా ఈ లెక్క ఫిట్స్ ఏ రోజైనా, ఏ వేళైనా ఒకే అవకాశంతో వస్తాయన్న ఊహ మీద నడుస్తోంది, నిజంలో అవి అలా రావు. కైనేట్ (కైనిక్ ఆమ్లమే) గానీ, పిలోకార్పిన్ అనే ఇలాంటి ఇంకో రసాయనం గానీ ఇచ్చిన ఎలుకల్లో ఫిట్స్ గుంపులుగా వస్తాయి. కొన్ని రోజులు వరుసగా, ఒక్కో రోజు చాలాసార్లు వచ్చి, తర్వాత కొన్ని రోజులు ఏమీ లేకుండా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో మీరు మందు మొదలుపెడితే ఏ మందైనా అద్భుతంగా పనిచేసినట్టే కనిపిస్తుంది, ఉప్పునీళ్లు ఇచ్చినా సరే.

దీనికి తోడు వేళ ప్రభావం కూడా ఉంటుంది. ఎలుకలు రాత్రి తిరిగే జీవులు, పగలు నిద్రపోతాయి. ఈ రకం మోడళ్లలో ఫిట్స్ లైట్లు వెలుగుతున్న వేళలో ఎక్కువగా వస్తాయని చాలా ల్యాబులు గమనించాయి. కాబట్టి ఒక గుంపును ఉదయం, మరో గుంపును సాయంత్రం రికార్డు చేస్తే రెండు గుంపుల మధ్య తేడా మందుదో, గడియారానిదో తెలియదు.

అయితే ఇది అన్ని మోడళ్లకూ వర్తించదు. చిట్టెలుక (మౌస్) మెదడులో జ్ఞాపకాల భాగమైన హిప్పోకాంపస్‌లోకి నేరుగా కైనేట్ ఇచ్చే మోడల్‌లో గంటకు పదుల సంఖ్యలో చిన్న చిన్న విద్యుత్ డిశ్చార్జీలు వస్తాయి, అవి హిప్పోకాంపస్‌లోనే ఉండిపోతాయి, బయటికి జంతువు ఊరికే కూర్చున్నట్టే ఉంటుంది. అలాగే ఆబ్సెన్స్ మూర్ఛకు (కాసేపు స్పృహ లేకుండా చూస్తూ ఉండిపోయే రకం) వాడే జీఏఈఆర్ఎస్, వాగ్-రిజ్ జాతి ఎలుకల్లో స్పైక్-వేవ్ డిశ్చార్జీలు (పదునైన స్పైకు, దాని వెంట ఒక అల) మెలకువగా, కదలకుండా ఉన్నప్పుడు తరచుగా వస్తాయి. ఇలాంటి చోట రెండు గంటలు చక్కగా సరిపోతాయి, మందుల వడపోతకు వీటిని ఇష్టపడేది కూడా అందుకే. కానీ అక్కడ తగ్గినవి ఆ డిశ్చార్జీలే. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ తగ్గాయని దాన్నిబట్టి రాయకూడదు, ఈ రెండూ ఒకే మందుకు ఒకేలా స్పందించాలని లేదు.

మోడల్ ఎంపిక మాట వచ్చింది కాబట్టి లెవెటిరాసెటామ్ అనే మూర్ఛ మందు కథ చెప్పాలి. మందుల వడపోతకు దశాబ్దాలుగా రెండు పరీక్షలు రాజ్యమేలాయి, ఒకటి విద్యుత్ షాక్, ఇంకోటి ఫిట్స్ తెప్పించే రసాయనం పెంటిలీన్‌టెట్రజాల్. షాక్ పరీక్ష తక్కువదేం కాదు, 1930ల చివర్లో మెరిట్, పుట్నం అనే పరిశోధకులు పిల్లుల మీద ఆ పద్ధతితోనే ఫెనిటాయిన్ అనే మందుకు ఫిట్స్ ఆపే గుణాన్ని కనిపెట్టారు. కానీ లెవెటిరాసెటామ్ మామూలు ఎలుకల మీద ఈ రెండు పరీక్షల్లోనూ ఏ ప్రభావమూ చూపలేదు. కిండ్లింగ్ చేసిన (మెదడుకు చిన్న షాకులు పదేపదే ఇచ్చి ఫిట్స్ వచ్చేలా చేసిన) ఎలుకల్లో, జన్యుపరంగా మూర్ఛ ఉన్న ఎలుకల్లో మాత్రం బాగా పనిచేసింది. అంటే ఆరోగ్యంగా ఉన్న మెదడులో బలవంతంగా తెప్పించిన ఫిట్‌నూ, మూర్ఛ నాటుకుపోయిన మెదడులో దానంతట అది వచ్చే ఫిట్‌నూ ఒకే గాటన కట్టకూడదు. మీరు దీర్ఘకాలిక మోడల్ ఎంచుకోవడం మంచి నిర్ణయం. ఖర్చు, ఓపిక ఎక్కువ కావాలి, అంతే.

ఇక్కడే ఇంకో మెలిక. కైనేట్ తర్వాత మొదట స్టేటస్ ఎపిలెప్టికస్ (ఆగకుండా సాగే ఫిట్), తర్వాత కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు పెద్దగా ఏమీ కనబడని దశ, ఆ తర్వాత ఫిట్స్ మొదలవుతాయి. మొదలయ్యాక కూడా వాటి సంఖ్య ఒకే స్థాయిలో ఉండదు, వారాలు గడిచేకొద్దీ పెరుగుతూ పోయి తర్వాతెప్పుడో నిలకడకు వస్తుంది. కాబట్టి “ముందు రెండు వారాలు మందు లేకుండా, తర్వాత రెండు వారాలు మందుతో” అనే సులువైన డిజైన్‌లో, పనిచేసే మందు కూడా పనిచేయనట్టు కనిపించవచ్చు. మందు లేని ద్రావకం మాత్రమే ఇచ్చే గుంపు తప్పనిసరి. లేదా జంతువుల్లో సగానికి ముందు మందు, తర్వాత ద్రావకం, మిగతా సగానికి అటుదిటు చేసి ఇవ్వండి, మధ్యలో మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేంత విరామంతో.

మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుందన్నది కూడా చాలామంది పట్టించుకోరు. ఎలుకల కాలేయం, కిడ్నీలు మందుల్ని మనకంటే చాలా వేగంగా వదిలించేస్తాయి. లెవెటిరాసెటామ్ అర్ధాయువు (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) మనుషుల్లో 6 నుంచి 8 గంటలు, ఎలుకల్లో 2 నుంచి 3 గంటలే. రోజుకు ఒక ఇంజెక్షన్ ఇచ్చి 24 గంటల ఫిట్స్ లెక్కపెడితే, అందులో ఎక్కువ భాగం మందు లేని మెదడునే లెక్కపెట్టినట్టు. చర్మం కింద అమర్చి మందును ఆగకుండా నెమ్మదిగా వదిలే ఆస్మోటిక్ పంపు గానీ, ఆహారంలో కలిపి ఇవ్వడం గానీ ఆలోచించండి. ఇంజెక్షనే ఇవ్వాలంటే ఇచ్చాక మొదటి కొన్ని గంటల్ని విడిగా విశ్లేషించండి. పట్టుకుని సూది గుచ్చడం కూడా జంతువుకు ఒత్తిడే అని మరవద్దు.

ఇప్పుడు ఎలక్ట్రోడ్ల సంగతి. మీ ప్రశ్నకు నేనైతే మూడు చోట్ల పెడతాను: ఒక వైపు హిప్పోకాంపస్‌లో లోతుగా మెలితిప్పిన జంట వైరు, రెండో వైపు కార్టెక్స్ (మెదడు పై పొర) మీద ఒక స్క్రూ, మెడ కండరంలో ఒక వైరు. హిప్పోకాంపస్‌ది ఫిట్ ఎక్కడ మొదలైందో చూపిస్తుంది, కార్టెక్స్‌ది అది వ్యాపించిందో లేదో చెబుతుంది, మెడ వైరు కండరాల కదలికను విడదీసి చూపించడమే కాకుండా జంతువు నిద్రలో ఉందో మెలకువలో ఉందో తేల్చడానికీ పనికొస్తుంది. లోపలి వైరు టెఫ్లాన్ పూత ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు గానీ టంగ్‌స్టన్ గానీ 50 నుంచి 125 మైక్రాన్ల మందంలో ఉంటే సరిపోతుంది. జంట కొనల మధ్య అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎడం ఉంచండి. రెండూ ఒకే పొరలో పడితే ఒకదాన్నొకటి తీసేసుకుని సిగ్నల్ చిన్నదైపోతుంది. 16 చానళ్ల ప్రోబ్ ఎప్పుడు కావాలంటే, ఫిట్ ఏ పొరలో పుడుతోంది, విద్యుత్ ప్రవాహం ఎటు లోపలికి పోతోంది అన్నది మీ ప్రశ్న అయినప్పుడు. మందు వల్ల ఫిట్స్ తగ్గాయా లేదా అన్నదానికి అది అనవసరం.

రిఫరెన్స్ స్క్రూని చిన్న మెదడు పైన పెట్టడం అలవాటు, గ్రౌండ్ కూడా ఆ దగ్గరలోనే, కానీ వేరే స్క్రూగా. ఒకే స్క్రూని రెండింటికీ వాడేవాళ్లున్నారు, పని జరుగుతుంది గానీ ఆ ఒక్కటి వదులైన రోజు అన్ని చానళ్లూ ఒకేసారి పోతాయి. చిన్న మెదడు పూర్తిగా తటస్థం అనుకోవద్దు, పెద్ద ఫిట్‌లో అక్కడికీ ఎంతో కొంత చేరుతుంది, మెడ కండరాల శబ్దం కూడా అక్కడికి దగ్గరే. అన్ని చానళ్లలోనూ ఒకే సమయంలో ఒకే ఆకారంలో ఏదైనా కనిపిస్తే ముందు రిఫరెన్స్‌నే అనుమానించండి.

సర్జరీలో స్క్రూ లోతు దగ్గర జాగ్రత్త. స్క్రూ కొన డ్యూరాను (మెదడును కప్పే పొరను) తాకాలి, కార్టెక్స్‌ని నొక్కకూడదు. నొక్కితే ఆ గాయమే స్పైకులు పుట్టిస్తుంది, అప్పుడు మీరు కొలిచేది మీ స్క్రూ చేసిన మూర్ఛని. చిట్టెలుక పుర్రె చాలా పలచన కాబట్టి అక్కడ ఒక్క అర చుట్టు ఎక్కువైనా కథ మారిపోతుంది. బ్రెగ్మా, లాంబ్డా (పుర్రె ఎముకలు కలిసే ముందు, వెనక గుర్తులు) రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకోకుండా డ్రిల్లు పట్టుకోవద్దు. ఎక్కువమంది వాడే ఎలుక మెదడు అట్లాసు సగటున 290 గ్రాముల మగ విస్టార్ ఎలుకల మీద తయారైంది. మీవి 200 గ్రాముల ఆడ ఎలుకలో, వేరే జాతో అయితే ఆ కొలతల్ని యథాతథంగా వాడితే కొన పక్క నిర్మాణంలో తేలుతుంది. ఒకటి రెండు జంతువుల్లో రంగు ఎక్కించి చూసి కొలతలు సవరించుకోండి. పుర్రె ఎముకని బాగా ఆరబెట్టి, కాస్త గరుకు చేసి, అప్పుడు డెంటల్ సిమెంట్ వేయాలి. వారాల తర్వాత తల మీది సిమెంట్ టోపీ ఊడిపోయిందని వాపోయే వాటిలో చాలావరకు తడి ఎముక మీద సిమెంట్ వేసినవే.

నొప్పి మందులు, వెచ్చని ప్యాడ్, సర్జరీ తర్వాత కనీసం వారం కోలుకునే సమయం, ఇవి నైతికత కమిటీ అడుగుతుందని మాత్రమే ఇవ్వాల్సినవి కావు. నొప్పితో, బరువు తగ్గుతూ ఉన్న జంతువు నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే ఫిట్స్ మారతాయి. స్టేటస్ రోజున ఎంతసేపు సాగనిస్తారో ముందే నిర్ణయించుకుని, అందరికీ ఒకే సమయానికి డయాజిపామ్‌తో ఆపండి. ఒక ఎలుకకు గంట, ఇంకోదానికి మూడు గంటలు సాగితే అవి రెండూ ఒకే గుంపు కాదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు చర్మం కింద సెలైన్, మెత్తని ఆహారం ఇవ్వకపోతే చాలా జంతువులు ఫిట్స్ వల్ల కాకుండా నీరసం వల్ల చనిపోతాయి. జాతి విషయం కూడా చూసుకోండి, కైనేట్‌కు అన్ని జాతులూ ఒకేలా లొంగవు. చిట్టెలుకల్లో సీ57బీఎల్/6జే లాంటి వాటిలో ఫిట్స్ వచ్చినా నాడీకణాల నష్టం తక్కువగా ఉంటుంది.

వైరా, వైర్‌లెస్సా? టెలిమెట్రీలో, అంటే వైరు లేని పద్ధతిలో, జంతువు హాయిగా తిరుగుతుంది, కేబుల్ కొరికే గొడవ లేదు. కానీ చానళ్లు తక్కువ, చాలా పరికరాల్లో సాంప్లింగ్ రేటుకు (సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్నదానికి) పరిమితి, బ్యాటరీ అయిపోతే మళ్లీ సర్జరీ. 20 నుంచి 30 గ్రాములుండే చిట్టెలుకకు ఇంప్లాంట్ బరువే ఒక సమస్య. వైరు పద్ధతిలో ఖర్చు తక్కువ, సిగ్నల్ మీ చేతిలో ఉంటుంది, వారాలపాటు ఆపకుండా తీయొచ్చు. దానికి బదులుగా కమ్యుటేటర్ తేలిగ్గా తిరిగేదై ఉండాలి, కేబుల్ మీద స్ప్రింగు తొడుగు ఉండాలి, జంతువుని ఒంటరిగా ఉంచక తప్పదు. పెద్ద ఎలుకల మీద దీర్ఘకాలిక ఫిట్స్ లెక్కకైతే నా ఓటు వైరుకే, తల మీదే చిన్న యాంప్లిఫయర్ ఉండే హెడ్‌స్టేజితో. సిగ్నల్ తల దగ్గరే బలపడి వస్తే కేబుల్ ఊగినప్పుడు పుట్టే శబ్దం చాలావరకు మాయమవుతుంది.

కరెంటు శబ్దం, అదే 50 లేదా 60 హెర్ట్జ్ రొద, దాన్ని ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తీసేసే నాచ్ ఫిల్టర్‌తో చంపేయాలన్న తొందర వద్దు. ముందు అది ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోండి. గదిలోని లైట్లు, చార్జర్లు, వెచ్చని ప్యాడ్, కెమెరా అడాప్టరు ఒక్కొక్కటే ప్లగ్ తీసి చూడండి. అన్ని పరికరాల ఎర్తింగ్ ఒకే చోటికి రావాలి, రెండు దారులుంటే లూప్ ఏర్పడుతుంది. ఒక్క జంతువులోనే రొద ఉంటే గదిని కాదు, దాని గ్రౌండ్ స్క్రూని చూడాలి. ఎలక్ట్రోడ్లు కరెంటుకు చూపే అడ్డు, అంటే ఇంపీడెన్స్‌ని 1 కిలోహెర్ట్జ్ దగ్గర వారానికోసారి కొలిచి రాసుకోండి. ఒక్కసారిగా పైకి ఎగబాకితే వైరు తెగింది, మెల్లగా పెరుగుతుంటే కొన చుట్టూ కణజాలం పేరుకుంటోందని అర్థం.

సాంప్లింగ్ విషయానికొస్తే, ఫిట్స్ లెక్కపెట్టడానికి 500 హెర్ట్జ్ చాలు. 250 నుంచి 600 హెర్ట్జ్ మధ్య ఉండే ఫాస్ట్ రిపుల్స్ కూడా చూడాలంటే సెకనుకు కనీసం 2000 సాంపిళ్లు, అంతకన్నా ఎక్కువైతే మంచిది. ఒక్కో నాడీకణం పంపే సంకేతాలు విడివిడిగా కావాలంటే 20 నుంచి 30 కిలోహెర్ట్జ్. డిస్క్ లెక్క ముందే వేసుకోండి: 8 ఎలుకలు, ఒక్కోదానికి 4 చానళ్లు, 2000 హెర్ట్జ్, సాంపిల్‌కు 2 బైట్లు అంటే రోజుకు సుమారు 11 గిగాబైట్లు, నెలకు 330 గిగాబైట్లు, వీడియో కాకుండా. వీడియో దీన్ని మించిపోతుంది. యాంప్లిఫయర్ రేంజి కూడా చూసుకోండి. మామూలు సమయంలో కొన్ని వందల మైక్రోవోల్టులు ఉండే సిగ్నల్, హిప్పోకాంపస్‌లో ఫిట్ వచ్చినప్పుడు కొన్ని మిల్లీవోల్టులకు చేరుతుంది. రేంజి తక్కువ పెడితే సరిగ్గా మీకు కావలసిన చోటే సిగ్నల్ తెగిపోయి చదునుగా వస్తుంది.

ఒక పక్క మాట. మామూలు ఈఈజీ (మెదడు విద్యుత్ రికార్డింగ్) యాంప్లిఫయర్లు చాలా నెమ్మదైన మార్పుల్ని వడకట్టేస్తాయి. ఫిట్ తర్వాత మెదడులో అలలా పాకే స్ప్రెడింగ్ డీపోలరైజేషన్ వాటిలో కనబడదు, ఊరికే సిగ్నల్ చదునైనట్టు ఉంటుంది. మూర్ఛలో ఆకస్మిక మరణం మీద చిట్టెలుకల్లో జరిగిన పని మెదడు కాండంలో ఈ అలకూ, గుండె, ఊపిరి ఆగిపోవడానికీ సంబంధం చూపించింది. మీ ప్రాజెక్టు అటు వెళ్లేట్టయితే డీసీ రికార్డింగ్ (నెమ్మదైన మార్పుల్నీ పట్టేది) కావాలి, స్టీలు కాకుండా సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ కావాలి, అది వేరే ప్రపంచం.

ఇక అసలు ప్రశ్న, ఫిట్సా గోక్కోవడమా. నిజమైన ఫిట్‌కు ఒక నడక ఉంటుంది. నేపథ్యం నుంచి స్పష్టంగా విడిపడి మొదలవుతుంది, తరచుగా ఒకటి రెండు పెద్ద స్పైకులతో. తర్వాత వేగం పెరుగుతుంది, పరిమాణం పెరుగుతుంది, చివరికొచ్చేసరికి స్పైకుల మధ్య ఎడం పెరుగుతూ పోయి ఠక్కున ఆగుతుంది. ఆగాక కొన్ని సెకన్ల నుంచి నిమిషం పైదాకా సిగ్నల్ అణిగిపోయి ఉంటుంది. గోక్కోవడం, నమలడం, ఒళ్లు శుభ్రం చేసుకోవడం కూడా లయబద్ధంగానే ఉంటాయి, తెర మీద భలే మోసం చేస్తాయి. కానీ వాటికి ఆ నడక ఉండదు. మొదటి సెకనూ చివరి సెకనూ ఒకేలా ఉంటాయి, ఆగిన వెంటనే మామూలు ఈఈజీ తిరిగొస్తుంది, మెడ కండరం చానల్‌లో అదే లయ అంతకన్నా గట్టిగా ఉంటుంది. సందేహం తీరకపోతే వీడియో. ఈఈజీకి, వీడియోకి గడియారం ఒకటే అయ్యుండాలి, వారంలో కొన్ని సెకన్లు జారిపోయే కెమెరాలు బోలెడు. ఒక ఎల్‌ఈడీ అప్పుడప్పుడు వెలిగేలా పెట్టి ఆ పల్స్‌నే ఒక చానల్‌లో రికార్డు చేస్తే ఆ బాధ ఉండదు.

ప్రవర్తనకు రేసిన్ అనే పరిశోధకుడు 1972లో ఇచ్చిన స్కేలునే ఇప్పటికీ అందరూ వాడతారు: ముఖం, నోటి కదలికలు 1, తల ఊపడం 2, ముందు కాళ్లు కొట్టుకోవడం 3, వెనక కాళ్ల మీద లేవడం 4, లేచి పడిపోవడం 5. అది అమిగ్డాలా (మెదడులో ఒక భాగం) కిండ్లింగ్ కోసం తయారైన స్కేలు, మీ మోడల్‌లో ప్రతి ఫిట్ ఆ వరుసలోనే పోవాలని లేదు. ఇంకా ముఖ్యంగా, వీడియో ఒక్కటే చూసి లెక్కపెట్టేవాళ్లకు కదలిక లేని ఫిట్స్ అసలు దొరకవు. ఒక మందు 5వ దశ ఫిట్స్‌ని 2వ దశకు దించితే, వీడియో మాత్రమే చూసినవాళ్లు ఫిట్స్ పోయాయంటారు, ఈఈజీ ఉన్నవాళ్లు సంఖ్య అంతే ఉంది, వ్యాప్తి తగ్గిందంటారు. రెండూ వేర్వేరు ఫలితాలు.

కనీసం 10 సెకన్లు సాగితేనే ఫిట్‌గా లెక్కించడం చాలామంది పాటించే పద్ధతి. ఆ 10 ప్రకృతి పెట్టిన హద్దు కాదు, మనం పెట్టుకున్నది. ఎంతైనా పెట్టుకోండి, కానీ డేటా చూడకముందే పెట్టుకోండి.

కంట్రోల్ జంతువుల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఏ మందూ, ఏ గాయమూ లేని మామూలు ల్యాబ్ ఎలుకల్లో, ముఖ్యంగా వయసు పెరిగిన స్ప్రేగ్-డాలీ, లాంగ్-ఎవాన్స్ జాతుల్లో, 7 నుంచి 9 హెర్ట్జ్ దగ్గర స్పైక్-వేవ్ డిశ్చార్జీలు వస్తాయి. ఎలుక కదలకుండా ఉంటుంది, మీసాలు అదురుతుంటాయి, ఈఈజీలో అచ్చం ఫిట్‌లా ఉంటుంది. తలకు దెబ్బ తగిలాక వచ్చే మూర్ఛ పరిశోధనలో ఇది పెద్ద వివాదమే అయింది. దెబ్బ తిన్న ఎలుకల్లో వీటిని చూసి మూర్ఛ వచ్చిందనుకున్నారు, 2015లో వచ్చిన ఒక అధ్యయనం దెబ్బ తినని స్ప్రేగ్-డాలీ ఎలుకల్లోనూ ఇవి మామూలేనని, వయసుతో పాటు పెరుగుతాయని చూపించింది. కంట్రోళ్లకు ఎలక్ట్రోడ్లు పెట్టకుండా, లేదా రెండు రోజులే రికార్డు చేసి వదిలేసిన పేపర్లు ఈ ఉచ్చులోనే పడ్డాయి. మీ కంట్రోళ్లకు కూడా అదే సర్జరీ, అదే కేబుల్, అన్ని వారాల రికార్డింగ్ ఇవ్వండి. ఒకవేళ చోటు లేక కొన్నింటికే ఇవ్వగలిగితే, కైనేట్ గుంపులో ఒకటి తగ్గించుకుని అయినా కంట్రోలు పెంచండి.

ఫాస్ట్ రిపుల్స్ మీద మోజు పడుతున్నట్టున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. 1999 నుంచి బ్రాగిన్, ఎంగెల్ బృందం పనితో ఇవి మూర్ఛ మొదలయ్యే ప్రాంతానికి గుర్తులుగా పేరు తెచ్చుకున్నాయి. కానీ పదునైన ఏ స్పైకునైనా 250 హెర్ట్జ్ పైన బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌లోంచి పంపితే, గంట కొట్టాక మోగుతూనే ఉన్నట్టు, ఫిల్టరే కొన్ని అలల్ని పుట్టిస్తుంది. వడకట్టని సిగ్నల్‌లో స్పైకు మీద కంటికి విడిగా కనిపించే అలలు ఉంటేనే, టైమ్-ఫ్రీక్వెన్సీ బొమ్మలో అవి ఒంటరి ద్వీపంలా నిలబడితేనే నమ్మండి. కింది నుంచి పైదాకా ఒకే నిలువు గీతలా కనిపిస్తే అది స్పైకు అంచు మాత్రమే.

నెలల డేటాని కళ్లతో చూడటం కుదరదు, సాఫ్ట్‌వేర్ వాడక తప్పదు. లైన్ లెంగ్త్ (సిగ్నల్ గీత మొత్తం పొడవు) లాంటి సాదా లెక్కతో, థ్రెషోల్డ్ కావాలనే తక్కువగా పెట్టి, తప్పుడువి ఎక్కువొచ్చినా ఒక్క నిజమైనదీ జారిపోకుండా పట్టించండి. తర్వాత మనిషి కూర్చుని వాటిలోంచి ఏరాలి, ఏ జంతువుకు మందు ఇచ్చారో ఆ మనిషికి తెలియకూడదు. ఒకటి రెండు పూర్తి రోజుల్ని మొత్తం చేతితో చూసి, సాఫ్ట్‌వేర్ ఎన్ని వదిలేసిందో తేల్చుకున్నాకే దాన్ని నమ్మాలి. డీప్ లెర్నింగ్ డిటెక్టర్లు వస్తున్నాయి, బాగానే ఉంటున్నాయి, కానీ ఒక ల్యాబు ఎలుకల మీద నేర్చుకున్నది ఇంకో ల్యాబులో వేరే రిఫరెన్స్‌తో తడబడుతుంది.

స్టాటిస్టిక్స్‌లో ఒకే ఒక్క మాట: మీ లెక్క యూనిట్ జంతువు, ఫిట్ కాదు. 6 ఎలుకల నుంచి 300 ఫిట్స్ వచ్చాయి కాబట్టి నమూనా 300 అని రాస్తే రివ్యూయర్ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అందులో 200 ఒకే ఎలుకవి అయ్యుండవచ్చు. ఫిట్స్ సంఖ్యలు సాధారణంగా ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటాయి, సగటు, టీ-టెస్టు వాటికి పనికిరావు. ఫిట్స్ లెక్కలకు తగిన నెగటివ్ బైనోమియల్ మోడల్‌లో జంతువుని రాండమ్ ఎఫెక్ట్‌గా (జంతువుకూ జంతువుకూ ఉండే తేడాగా) పెట్టడం గురించి మీ దగ్గరున్న స్టాటిస్టిషియన్‌ని ప్రయోగం మొదలుకాకముందే అడగండి.

న్యూరోపిక్సెల్స్, కాల్షియం ఇమేజింగ్ (కణాల చురుకును మెరుపుగా చూసే పద్ధతి) లాంటివి మీరు చివర్లో ప్రస్తావించారు. 2017లో వచ్చిన మొదటి న్యూరోపిక్సెల్స్ ప్రోబ్‌లో 960 చోట్లుంటే ఒకేసారి 384 చదవగలదు, ఫిట్ మొదలయ్యే క్షణంలో ఏ కణాలు ముందు సంకేతాలు పంపుతున్నాయో చూడాలంటే దానికి సాటి లేదు. కానీ 30 కిలోహెర్ట్జ్ దగ్గర దాని డేటా వారాలపాటు దాచడం ఆచరణలో సాగదు, మీ మందు ప్రశ్నకు అవసరమూ లేదు. అది తర్వాతి ప్రాజెక్టు అనుకోండి.

చివరగా ఒకటి, అలసిపోయి చాలామంది వదిలేసేది. ప్రయోగం అయ్యాక ప్రతి జంతువులోనూ ఎలక్ట్రోడ్ కొన ఎక్కడుందో చూడాలి. మత్తులో ఉండగా కొన ద్వారా చిన్న డీసీ కరెంటు పంపి సూక్ష్మమైన మచ్చ చేసి, తర్వాత మెదడుని ఫిక్స్ చేసి కోసి, నాడీకణాలకు రంగు పట్టించే నిసిల్ స్టెయిన్ వేస్తే కొన స్థానమూ కనబడుతుంది, కైనేట్ వల్ల హిప్పోకాంపస్‌లో ఎంత నష్టం జరిగిందో కూడా అదే ముక్కల్లో కనబడుతుంది. కొన హిప్పోకాంపస్‌లో పడని జంతువుల్ని ఏం చేయాలో, తీసేయాలా, కార్టెక్స్ చానల్‌తో మాత్రం ఉంచుకోవాలా, అది ప్రయోగం మొదటి రోజే ప్రోటోకాల్‌లో రాసి పెట్టండి. ఫలితాలు చూశాక తీసుకునే ఆ నిర్ణయం ఎప్పుడూ మందు పక్షానే పడుతుంది.